మా మామ కట్టిన మూడు చేతుల మిషను

మా మేనమామ కట్టిన మూడు చేతుల మిషన్‌ను కళ్ళారా చూసినవాళ్ళు ఇప్పుడు వికారాబాదులో ఎక్కువమంది లేరు. ఉన్న కొద్దిమందీ నా వర్ణన విన్నాక, తాము చూసింది అది కాదంటారు. నేను ప్రతిదాన్నీ పెంచి చెబుతానని మా బజారులో ఒక అపవాదు ఉంది. అందులో నిజం లేదు. ఆ మిషన్ చప్పుడుకు అనంతగిరి గుట్టల మీది నెమళ్ళు పిల్లాపాపలతో కోట్‌పల్లి వైపు వలస పోయాయని నేను చెప్పినప్పుడు కూడా తగ్గించే చెప్పాను. కొండముచ్చులు కూడా పోయాయి.

మాది జిల్దు దుకాణం. అంటే పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి, అంచులు కోసి ఇచ్చే దుకాణం. స్టేషను నుంచి బజారుకు పోయే దారిలో, ఒక బియ్యం కొట్టుకూ ఒక సైకిలు దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉండేది. లోపల ఎంత ఇరుకంటే, మామ ఊపిరి పీల్చుకోవాలంటే నేను వదిలిపెట్టాలి. ఉస్తాద్ తుమ్మేట్టు ఉంటే ఇద్దరం ముందుగానే రోడ్డు మీదికి వచ్చి నిలబడేవాళ్ళం. మామ నాకంటే కొద్దేళ్ళే పెద్ద. మేనమామ గనక పెత్తనం ఆయనది, మేనల్లుణ్ణి గనక ఎదురు మాట్లాడే హక్కు నాది. ఈ ఒప్పందం మీద దుకాణం చాలా ఏళ్ళు ప్రశాంతంగా నడిచింది.

ఉస్తాద్ అంటే మా ఇద్దరికీ పని నేర్పిన పెద్దమనిషి. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం. సూది కనబడకపోయినా, దారం కనబడకపోయినా, ఒకసారి కత్తెర కనబడకపోయినా మేం ముందు ఆ గడ్డంలోనే వెతికేవాళ్ళం. నిజాం కాలంలో మా చుట్టుపక్కల కచేరీల రిజిస్టర్లన్నీ ఆయన చేతుల్లోనే కుట్టు పడ్డాయి. అన్నీ ఉర్దూవి. ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది గనక ఆ పుస్తకాల కుట్టు కుడిచేతివైపు ఉంటుంది. మనం ఆఖరి అట్ట అనుకునేది వాళ్ళకు మొదటి అట్ట. ఉస్తాద్ వేళ్ళకు ఈ సంగతి ఎంత అలవాటంటే, ఆయన తలుపు కూడా కుడివైపు బందులు ఉంటేనే సరిగ్గా తెరిచేవాడు. పాఠకులు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోవాలి. తాండూరులో అవసరపడుతుంది.

పోలీసు చర్య జరిగి కొన్నేళ్ళయింది. కచేరీల్లో కాగితాలు మారిపోయాయి. పల్లెపల్లెకూ తెలుగు బడి లేచింది. బడి లేచినచోటల్లా పిల్లలు, పిల్లలున్నచోటల్లా నోటుబుక్కులు. అప్పటిదాకా రిజిస్టర్ల పని తగ్గిందని దిగులు పడ్డ మామ ఇప్పుడు నోటుబుక్కుల పని పెరిగిందని దిగులు పడ్డాడు. చేత్తో సూది పొడిచి కుట్టే మా వేగానికి, బడిలో చేరిన పిల్లలు మనవళ్ళను ఎత్తుకునే నాటికి నోటుబుక్కులు చేతికి వస్తాయని ఆయన అంచనా.

ఆ దిగుల్లో ఉండగా బొంబాయి నుంచి అట్టల కాగితం పార్శిలు వచ్చింది. దానికి లోపల చుట్టిన ఒక విదేశీ పత్రిక ముక్క మామ కంట పడింది. దాని మీద ఒక యంత్రం బొమ్మ. ఒక కొసన తెల్ల కాగితం లోపలికి పోతోంది. మిగిలిన కొసన పుస్తకం ఎలా బయటికి వస్తుందో తెలియదు, ఎందుకంటే బొమ్మ సగానికి చినిగిపోయింది. ఆ దేశాల్లో అప్పట్లో ఇలాంటివి వారానికొకటి కనిపెడుతున్నారని, కాగితం పోస్తే పుస్తకాలు కుట్టుకుని, అట్ట వేసుకుని, చీటీ అంటించుకుని, డజన్ల లెక్కన పొట్లాలు కట్టుకుని మరీ వస్తాయని రైల్లో ఎవరో చెప్పగా మామ విన్నాడు.

“మిగతా సగం ఎట్ల?” అని అడిగాను.

“మనమే కడుదాం” అన్నాడు మామ.

కట్టడానికి మనిషికి ధైర్యం చాలు, యంత్రానికి మాత్రం సూది కావాలి. కాలితో తొక్కితే సూది పైకీ కిందికీ ఆడే వస్తువు మాకు అందుబాటులో ఒక్కటే ఉంది. అది మామ ఇంట్లో, కిటికీ పక్కన, అత్త ముందు ఉంది.

అత్త కుట్టు మిషను గుల్బర్గాలో ఉండే ఆమె అన్న తెచ్చి ఇచ్చింది. నల్లగా నిగనిగలాడే మెడ, మెడ మీద బంగారు రంగు పూలతీగ. అత్త రోజూ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేది. పెళ్ళినాటి నుంచి మామ మొహాన్ని ఎవరూ అంత ప్రేమగా తుడవలేదు. వాడకట్టులోని ఆడవాళ్ళ రవికలన్నీ ఆ సూది కిందినుంచి వచ్చినవే. మధ్యాహ్నం పూట ఆ మిషన్ చుట్టూ కూడే సభ ముందు హైదరాబాదు అసెంబ్లీ ఏ మూలకూ రాదు. ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఎందుకు మానేశారో, ఎప్పుడు మళ్ళీ మొదలుపెడతారో అక్కడే తీర్మానం అయ్యేది. ఆ మిషన్ ఉంటేనే అత్త గడపకు మనుషులు. పైగా ఆ ఏడే బజారులో ఒక దర్జీ, ఆడవాళ్ళ బట్టలు కూడా కుడతానని బోర్డు కట్టాడు. అత్త మిషన్ ఎన్నాళ్ళు ఆగితే అన్నాళ్ళు ఆ రవికలు అటు నడుస్తాయి. ఈ భయం ఆమె నోటితో చెప్పలేదు గాని, ఆ బోర్డు ఉన్న వైపు నుంచి కూరగాయలకు పోవడం మానేసింది.

“మిరుగం దాంక ఇస్త” అంది చివరికి. మిరుగం అంటే మృగశిర కార్తె. తొలి వానలు పడేది, బడులు తెరిచేది ఆ రోజుల్లోనే. “మిరుగం నాటికి నా మిషన్ నా ఇంట్ల, నా కిటికీ కాడ ఉండాలె. ఒక్క స్క్రూ తక్కువైనా నీ బువ్వ నువ్వే వండుకో.”

“దానికి ఏమైతది? మస్తు పేరొస్తది.”

“పేరు నువ్వు తెచ్చుకో. మిషన్ నాకు తెచ్చియ్యి.”

ఆ ఎండాకాలమంతా దుకాణంలో యంత్రం పెరిగింది. తాండూరు నాపరాయి బండ ఒకటి తెప్పించి దాని మీద అత్త మిషన్‌ను బిగించాం. బండ ఎంత బరువంటే, దాన్ని దించిన రోజు నుంచి మా దుకాణం బియ్యం కొట్టుకంటే జానెడు కిందికి దిగింది. మిషన్ చక్రానికి సైకిలు గొలుసు తగిలించాం. గొలుసు అవతలి కొసన రెండు కర్ర చేతులు. సూదితో కలిపి మొత్తం మూడు చేతులు.

సూది మొదటి చెయ్యి. అది పుస్తకం అంచు కుడుతుంది. కుట్టయిన పుస్తకం పక్కకు జారితే రెండోది, బంక చెయ్యి, మైదా బంకలో ముంచిన గుడ్డతో అట్ట పైభాగం తడుపుతుంది. మూడోది చీటీ చెయ్యి. పాత గొడుగు పుల్లలతో చేసిన వేళ్ళతో అది ఒక చీటీని ఎత్తి, తడి మీద చరిచి అంటిస్తుంది. చీటీ మీద ‘పేరు, తరగతి’ అని అచ్చు. ఆ చరుపు ఎంత గట్టిదంటే, ఒకసారి పొరపాటున నా వీపు మీద పడితే వారం రోజులు నేను పేరు, తరగతి ఇంకా నింపని మనిషిగా ఊళ్ళో తిరిగాను.

వీటన్నిటికంటే చిన్నది, మామ తన చేత్తో చెక్కింది ఇంకొకటి ఉంది: సూది పక్కన బిగించిన వేలెడు చెక్క పట్టీ. పుస్తకం అంచును దానికి ఆనించి తోస్తే కుట్టు దారం పట్టి గీసినట్టు నేరుగా పోతుంది. ఆ పట్టీ ఏవైపు పెట్టాలని మామ అడిగితే ఉస్తాద్ ఆశ్చర్యపోయాడు.

“క్యా భాయ్, గిది కూడ అడుగుతరా? కుట్టు ఏడుంటది? గీడనే గద” అని కుడివైపు వేలు పెట్టి చూపించాడు.

సూది కూడా కుడివైపుకే అనుకూలంగా ఉంది. పట్టీ అక్కడే బిగించాం. గొలుసు, బంక, చీటీ అన్నీ దాన్ని బట్టే అమర్చాం.

పరీక్షలకు కొత్త కాగితం ఎందుకు దండగ అని, రద్దీలో, అంటే చిత్తు కాగితాల లెక్కన, కొన్న పాత కచేరీ కాగితాలు వాడాం. అన్నీ ఉర్దూ కాగితాలే. మిషన్ టకటకమని కుట్టి, తడిపి, చరిచి, ఒక్కొక్క పుస్తకాన్ని ఉస్తాద్ ఒళ్ళోకి తోసేది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, తెరిచి, నాలుగు వరుసలు చదివి, “వాహ్, ఏక్‌దం సీదా” అనేవాడు. వంద పుస్తకాలు కుట్టినా వందా సీదాగానే వచ్చాయి. తెలుగు కాగితం ఒక్కటి ఆ సూది కింద పెట్టి చూడాలన్న ఆలోచన మా ముగ్గురి పక్కనుంచి కూడా పోలేదు.

ఇక మామ తాండూరు వెళ్ళి కాగితాల సేటును కలిసి వచ్చాడు. ఆ చుట్టుపక్కల బడులకు నోటుబుక్కులు పంపేది ఆ సేటే. మిషన్‌ను తన దుకాణం ముందు అందరూ చూస్తుండగా నడిపించమన్నాడట. నడిస్తే ఆ ఏటి నోటుబుక్కుల పనంతా మాకేనట. అయితే కాగితం బళ్ళను అటూ ఇటూ తిప్పడం తన వల్ల కాదు గనక మిషన్ ఇక తన గోదాములోనే ఉండిపోవాలట. మామ “సరే” అనేసి వచ్చాడు. ఈ సంగతి నాకు చెప్పాడు, ఉస్తాద్‌కు చెప్పాడు. అత్తకు చెప్పడానికి మంచి సమయం చూస్తున్నానన్నాడు. ఆయన అలా చూస్తుండగానే ప్రయాణం రోజు వచ్చింది.

పొద్దుటి ప్యాసింజరు. యంత్రాన్ని వెనక గార్డు పెట్టెలోకి ఎక్కించడానికి స్టేషనులోని హమాలీలు, వాళ్ళ బావమరుదులు, బావమరుదుల స్నేహితులు కలిసి చెయ్యి వేశారు. ఎక్కించాక ఇంజను రెండుసార్లు కూత వేసినా బండి కదల్లేదు. అత్త కూడా మాతో బయలుదేరింది. “నా మిషన్ ఊరికి పోతుంటె నేను ఇంట్ల ఏం చెయ్యాలె?” అంది. బండి ఆగిన ప్రతిచోటా కిటికీలోంచి తల బయటపెట్టి గార్డు పెట్టె వైపు చూసేది, అది ఎక్కడైనా దిగిపోతుందేమోనన్నట్టు.

ధారూరు దగ్గర ఉస్తాద్ ఆమెకు ధైర్యం చెప్పబోయాడు.

“బెహన్, ఫికర్ నక్కో. సేటు గోదాం మస్తు పెద్దగుంటది. వాన తగలదు, ఎలుకల్లేవు. మీ మిషన్ ఆడ ఆరాంగా ఉంటది.”

అత్త నెమ్మదిగా తల ఇటు తిప్పింది. “ఎన్ని దినాలు ఉంటది ఆరాంగ?”

ఉస్తాద్ మామను చూశాడు. మామ ప్లాట్‌ఫారం మీది ఊరి పేరు బోర్డును చూస్తున్నాడు. ఆ బోర్డు మీది అక్షరాలను ఒక్కొక్కటే చదువుతూ, చివరిదాకా పోయి, మళ్ళీ మొదటికి వస్తున్నాడు.

“అల్లుడా, నువ్వు చెప్పు” అంది అత్త నాతో.

“నడిస్తే సేటు తన తాననే పెట్టుకుంటడట అత్తా.”

“మళ్ళ?”

“మళ్ళ ఏం లేదు.”

ఆమె అరవలేదు. కొంగు సర్దుకుని బయటి జొన్నచేల మోళ్ళను చూసింది.

“నడిస్తే నా మిషన్ పోతది. నడవకుంటే నీ ఇజ్జత్ పోతది. మంచి బేరమే చేసినవయ్యా” అంది.

“కొత్తది కొనిస్త” అన్నాడు మామ, ఇంకా బోర్డుతోనే మాట్లాడుతూ, అప్పటికి ఆ బోర్డు వెనకబడిపోయినా.

“కొత్తది నాకెందుకు? నా కాలుకు అది అలవాటు. దానికి నా కాలు అలవాటు.”

తాండూరులో దిగేసరికి ఎండ ముదిరింది. ఆ ఊరి ఎండ సంగతి నేను చెప్పకూడదు. బళ్ళమీద పోయే నాపరాళ్ళ మీద జొన్నరొట్టెలు వాటంతట అవే కాలుతుంటాయని, బండివాడు చట్నీ ఒక్కటి ఇంటి నుంచి తెచ్చుకుంటే చాలని ఎవరన్నా అంటే నమ్మండి. సేటు దుకాణం కందిపప్పు కొట్ల వరసలో ఉంది. ముందు అరుగు మీద యంత్రాన్ని దించగానే జనం మూగారు. పప్పు వ్యాపారులు, రాళ్ళు కొట్టేవాళ్ళు, సంతకు వచ్చినవాళ్ళు. హద్దు అవతలి ఊరి నుంచి వచ్చిన ఒకాయన “ఏన్రీ ఇదు?” అని కన్నడంలో అడిగాడు. మామ గొంతు సవరించుకుని, “ఇదా, పుస్తకాల కార్ఖానా” అన్నాడు. యంత్రం కార్ఖానా అంత వెడల్పు లేనందుకు అడిగినాయన కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు.

సేటు లావుపాటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. కొత్త గీతల కాగితం, అచ్చయిన అట్టలు తెప్పించి ఇచ్చాడు. ప్రతి అట్ట మీదా కింది సగంలో పురి విప్పిన నెమలి, పై సగం చీటీ కోసం ఖాళీ. ఒక కాగితాల దొంతర, పైన నెమలి అట్ట, ఎప్పటిలాగే తల, అంటే పై అంచు, అవతలికి, బొమ్మ పైకి పెట్టి మామ తొక్కాడు. నేను దొంతరలు అందిస్తున్నాను. ఉస్తాద్ అవతల పట్టుకుంటున్నాడు. టకటక కుట్టు, చప్పున బంక, ఫట్టున చీటీ. జనం ఊపిరి బిగబట్టారు. ఆ ఊపిరి వదిలినప్పుడు వచ్చిన గాలికి ఎదుటి కొట్లో కందిపొట్టు లేచింది.

పది పన్నెండు పుస్తకాలు వచ్చేదాకా సేటు తృప్తిగా తల ఊపాడు. అప్పుడు పై పుస్తకం ఒకటి తీసుకుని తెరవబోయాడు. కుడి అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు.

“ఏమయ్యా, కుట్టుడు కుట్టినవ్ గాని, తెరిచేది ఏడ పెట్టినవ్?”

“ఇటు సేటూ, ఇటు” అని ఉస్తాద్ ఎడమ అంచు పట్టి హాయిగా తెరిచి చూపించాడు.

సేటు నెమలిని చూశాడు, చీటీని చూశాడు, లోపలి గీతలు చూశాడు. పక్కన ఉన్న పప్పు వ్యాపారికి ఇచ్చాడు. ఆయన చూసి ఇంకొకరికి ఇచ్చాడు. పుస్తకం అరుగంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

“ఇది ఉల్టా ఉన్నది” అన్నాడు సేటు.

“ఉల్టా ఎట్లయితది సేటూ? సీదా ఉన్నది” అన్నాడు ఉస్తాద్. ఆయన గొంతులో నొచ్చుకున్న నిజాయితీ ఉంది.

యాలాల్ నుంచి వచ్చిన ఒక ముసలి పటేల్, పాత చదువు మనిషి, పుస్తకం అందుకుని ఎడమనుంచి తెరిచి, పేజీ మీద కుడి నుంచి ఎడమకు వేలితో రాస్తున్నట్టు కదిపి చూశాడు. “మంచిగనే ఉన్నది గదనయ్యా. బహుత్ దినాలకు ఒక సక్కటి కితాబు చూసిన” అన్నాడు. జనంలో సగంమంది నవ్వారు. మిగతా సగం కూడా నవ్వారు గాని, మామ మొహం చూసి చేత్తో నోరు మూసుకున్నారు.

మా ముగ్గురికీ అప్పుడు తెలిసింది. మామ చటుక్కున పట్టీ స్క్రూలు విప్పబోయాడు. పట్టీని ఎడమకు మారిస్తే గొలుసు తగులుతుంది. గొలుసు మారిస్తే బంక చెయ్యి అందదు. బండకు కొత్తగా చిల్లులు కొట్టాలి, ఆ సరంజామా వికారాబాదులో ఉంది. ఆయన పానా పట్టుకుని యంత్రం చుట్టూ తిరిగాడు. చెమట కారిన తీరు చూస్తే కాగ్నా వాగుకు ఆ ఎండాకాలంలో నీళ్ళు ఎక్కడివో తెలిసేది. సేటు తన కాగితాలు లోపలికి సర్దమని మనిషికి చెప్పాడు, అంతే. దానికి మామ నిలబడ్డచోటే కొంచెం పొట్టివాడయ్యాడు.

అత్త అరుగు కొసన గోడకు ఆనుకుని కూర్చుని ఇదంతా చూస్తోంది. ఇంకొక్క పావుగంట ఆమె అలాగే కూర్చుంటే చాలు, సాయంత్రం బండికి మిషన్ ఆమెతో ఇంటికి వస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆమె మామ వీపు వంక చూసింది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. మామ ఆ స్క్రూను బిగిస్తున్నాడో విప్పుతున్నాడో ఆయనకే తెలియడం లేదు.

“ఏమయ్యా” అంది అక్కడినుంచే. “మిషన్‌నెందుకు తిప్పుతున్నవ్? పుస్తకాన్నే తిప్పి పెట్టరాదు? తల నీ దిక్కు పెట్టు.”

మామ ఆగాడు. ఒక దొంతర తీసుకుని, నెమలి కాళ్ళు అవతలికి, చీటీ జాగా తన కడుపువైపు ఉండేట్టు తిప్పి పెట్టి తొక్కాడు. పట్టీ పక్కనే కుట్టు పడింది. సేటు దాన్ని తీసుకుని, తిప్పి, కుడి అంచు పట్టుకుని లాగాడు. తెరుచుకుంది. లోపల గీతలు సక్కగా ఉన్నాయి.

“హాఁ, గిది పుస్తకం” అన్నాడు సేటు.

మామ మొహం వెలిగింది. అత్త మొహం వంక నేను చూడలేదు. కాని ఆ వెలుగు ఎంతసేపో నిలవలేదు, ఎందుకంటే సేటు అట్ట మూశాడు. పుస్తకం తలకిందులుగా ఉన్న సంగతి బంక చేతికి, చీటీ చేతికి ఎవరూ చెప్పలేదు. అవి తమ అలవాటు ప్రకారం అవతలి కొసనే పనిచేశాయి. చీటీ నెమలి మీద శీర్షాసనం వేసి కూర్చుంది. మామ చీటీల పెట్టెను తిప్పాడు. అప్పుడు చీటీ అక్షరాలు నేరుగా వచ్చాయి గాని, సరిగ్గా నెమలిని కప్పేశాయి. తోక అంచు మాత్రం కనబడుతోంది. మా చప్పుడుకు గుట్టల మీది నెమళ్ళు పోయాయన్నాను చూడండి, అట్టల మీది నెమళ్ళు కూడా పోయాయి.

“చీటీలు చేతితో అంటిద్దాం. ఆ చెయ్యి తీసెయ్” అన్నాడు సేటు.

మామ చీటీ చేతిని విప్పాడు. గొడుగు పుల్లలు ఆయన చేతిలో ముడుచుకున్నాయి. మళ్ళీ తొక్కాడు. బంక చెయ్యి తన పని తాను చేసింది. అంటించడానికి చీటీ లేదు గనక ప్రతి పుస్తకమూ పైన పడ్డ పుస్తకానికి అంటుకుంది. కొద్దిసేపటికి ఉస్తాద్ చేతుల్లో ఒక్కటే లావుపాటి పుస్తకం ఉంది. దాన్ని విడదీయబోతే గడ్డం కూడా అందులో చేరింది. గడ్డం విడిపించుకునేదాకా ఓపికగా ఉండి, ఉస్తాద్ “భాయ్, గిది కూడ తీసెయ్యండి” అన్నాడు.

బంక చెయ్యి కూడా దిగింది. దాంతో గొలుసుకు పని పోయింది. గొలుసూ దిగింది.

సేటు యంత్రం చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. “మరి గిప్పుడు మిగిలింది ఏంది? ఇది మా ఇంట్ల బట్టల మిషన్ తీర్గనే ఉన్నది.”

“తీర్గ కాదు సేటూ” అంది అత్త. “బట్టల మిషనే. నాది.”

మామ ఎందుకైనా మంచిదని ఇంకో దొంతర పెట్టి తొక్కాడు. మామ కుట్టు మిషన్‌ను తొక్కేది, ఎదురుగాలిలో పరిగి ఊరిదాకా సైకిలు తొక్కినట్టు. సూది విరిగి ఎగిరింది. అది ఎంత దూరం పోయిందో నేను చెబితే మళ్ళీ నన్నే అంటారు. అత్త లేచి వచ్చింది. “జరుగు” అంది. ఎన్నో వారాల తరవాత తన మిషన్ ముందు కూర్చుంది. కొంగుకు గుచ్చుకున్న కొత్త సూది తీసి బిగించింది. దొంతర తల తనవైపు పెట్టి, అంచు మామ పట్టీకి ఆనించి, కాలు మెల్లగా ఆడించింది. చప్పుడు లేదు. కుట్టు పట్టీ వెంబడి నీళ్ళు పారినట్టు పోయింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. జనం నవ్వడం మానేసి నిలబడ్డారు. సేటు ఒక పుస్తకం మధ్య పేజీలు పట్టి గట్టిగా లాగి చూశాడు. ఊడలేదు.

“అమ్మా, మీరు ఈడనే ఉండి కుడుతరా?”

“ఉండ. నా ఇల్లు వికారాబాద్‌ల.”

“మరెట్ల?”

“కాగితం పొద్దుగాల బండికి పంపియ్యి. కుట్టినయి మాపటి బండికి వస్తయి.”

సేటు గడ్డం గోక్కున్నాడు. “గోదాంల బట్టల మిషన్ పెట్టుకొని నేనేం చేసుకోవాలె” అని తనలో తాను అనుకుని, కాగితాలు మళ్ళీ బయటికి తెమ్మని మనిషికి చెప్పాడు.

నాపరాయి బండను అక్కడే వదిలేశాం. పుట్టినూరికి చేరిన బండను మళ్ళీ కదిలించడం పాపమనిపించింది, నడుములకు కూడా అలాగే అనిపించింది. సేటు దాన్ని దుకాణం మెట్టుగా వేసుకున్నాడు. తప్పుగా కుట్టిన మొదటి పుస్తకాల కుట్లు విప్పడానికి ఉస్తాద్ ఒప్పుకోలేదు. సగం యాలాల్ పటేల్ పట్టుకుపోయాడు, సగం ఉస్తాద్ సంచిలో వేసుకున్నాడు. ఆ రోజు కుట్టినవాటిలో సరైనవి అవేనని ఆయన చాలా ఏళ్ళు అంటూ ఉండేవాడు.

సాయంత్రం బండిలో మిషన్ గార్డు పెట్టెలో కాదు, మా మధ్యనే ఉంది. మామ రెండు కర్ర చేతులను ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. నేను అత్త పక్కకు జరిగాను.

“నువ్వు ఊకుంటే మిషన్ సక్కగ ఇంటికి వస్తుండె గదత్తా. ఎందుకు చెప్పినవ్?”

“మిషన్ వస్తుండె” అంది అత్త, నిద్రపోతున్న మామను చూస్తూ. “మీ మామ రాకపోతుండె.”

మిరుగానికి ఇంకా నాలుగు రోజులు ఉండగానే మిషన్ కిటికీ పక్కకు చేరింది. ఇన్నాళ్ళూ అత్త ఆ మూలలో ఇంకేదీ పెట్టలేదు. నేల మీద దాని నాలుగు కాళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. వాటి మీదే సరిగ్గా నిలబెట్టించి, ఒక్కొక్క స్క్రూ తడిమి చూసుకుంది. పొద్దున రవికలు, మధ్యాహ్నం నోటుబుక్కులు. సభ మళ్ళీ కూడింది. దర్జీ బోర్డు మీద ఆడవాళ్ళ బట్టలన్న వరుస ఆ వానల్లో రంగు వెలిసిపోయింది, ఎవరూ మళ్ళీ రాయించలేదు.

మామ ఊరుకోలేదు. ఆ వానాకాలమంతా కూర్చుని, విప్పిన బంక చేతితో ఇంకొకటి కట్టాడు. డజను నోటుబుక్కులను గోధుమరంగు కాగితంలో చుట్టి పెడితే, అది పైన ఒక పట్టీ అంటించి పొట్లం మూస్తుంది. పొట్లానికి కుడి లేదు, ఎడమ లేదు, తల లేదు, కాళ్ళు లేవు. అందుకే అది నడిచింది. తాండూరు నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి పోయారు. ఆ ఇద్దరు ముగ్గురినే నేను మిగతాచోట్ల జనసముద్రం అని చెబుతుంటాను.

కుట్టు మిషన్ మీద మామది మిగిలింది ఆ వేలెడు చెక్క పట్టీ ఒక్కటే. దాన్ని అత్త తీయించలేదు. ఒక మధ్యాహ్నం మామ భోజనానికి వచ్చేసరికి ఆమె రవిక కుట్టడానికి ఆ పట్టీ స్క్రూ వదులు చేస్తోంది. మామ గడపలోనే ఆగిపోయాడు.

“తీసేస్తున్నవా?”

“లేదు. పక్కకు జరుపుతున్న” అంది అత్త. “కాళ్ళు కడుక్కో. బువ్వ పెడ్త.”